రెండో నంబరు

గంటస్తంభం వెనక వీధిలో
వెండి తూచే త్రాసు మీద
ఇనుము పెట్టమని అడిగినవాళ్ళు
మాకు ముందు ఎవరూ లేరట.
వీరాచారి కళ్ళజోడు పైకెత్తి
అసిరయ్య మావనీ, నన్నూ,
గోనెసంచిలోంచి తీసిన నాలుగు రాడ్లనీ చూసి
"ఆయిలు తుడిచారా?" అని మాత్రం అడిగాడు.

కారు గరివిడి టెంటుహాలు వాళ్ళది.
యాభై ఏడు నాటి ల్యాండ్‌మాస్టరు.
నెత్తిన మైకు గొట్టం కట్టుకుని
చీపురుపల్లి సంత దాకా అరిచి అరిచి
హాలు మూతబడ్డాక పద్దెనిమిదేళ్ళు
చింతపండు గోదాములో నోరు మూసుకుంది.
ఇంజను విప్పితే
మూడో రాడ్డు విల్లులా వంగి ఉంది.

"రాజ్‌కోట్ నుంచి కొత్తవి తెప్పించేద్దాం,
తళతళలాడతాయి" అన్నాడు టంకాల మోహనరావు.
"లోపలికెల్లాక ఆ తళతళ
ఎవుడు సూస్తాడు బావూ" అన్నాడు మావ.

మూడోదానికి బదులు
రాజాం పాత ఇనప కొట్లో ఒకటి దొరికింది.
పెద్ద చివర ఒకసారి, చిన్న చివర ఒకసారి
దారానికి వేలాడదీసి తూచాం.
ఒకటీ నాలుగూ కవలలు.
రాజాంది పదకొండు గ్రాములు ఎక్కువ.
అన్నిటికన్నా తేలిక, రెండోది.

"తేలికదానికి బరువు అతకలేం గుంటడా.
బరువుదాన్నే ఆకురాయితో అరగదియ్యాల.
తక్కువోడి లెక్కకి అందరూ దిగాల.
దిగకపోతే ఇంజనంతా వణుకుతాది."

అందుకే ఆ రెండోదాన్ని
నేను రెండు రోజులు రుద్దాను.
మిగతా మూడింటికీ అదే కొలత కదా,
కొలతకి మసి ఉండకూడదని.

రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి
పొద్దున్నే పొడిగుడ్డతో తుడిచి
బడిపిల్లల సుద్దముక్క నూరి పూశాం.
మూడు తెల్లగా ఉండిపోయాయి.
రెండోదాని మెడ దగ్గర
ముగ్గులో చీమ నడిచినట్టు
సన్నగా, తడిగా, ఒక గీత.

వేలితో చెరిపాను. మళ్ళీ సుద్ద పూశాను.
మళ్ళీ వచ్చింది.
"ఏటి తుడుస్తావురా.
అది సుద్దలో లేదు."

ఎప్పటిదో ఆ గీత.
ఎన్ని సంతలకి తిరిగిందో దానితో.

మావ దాన్ని తాడుకి కట్టి
చిన్న సుత్తితో తట్టాడు.
టక్.
ఒకటోదాన్ని తట్టాడు.
టింగుమని, బీడీ వెలిగించుకునేదాకా మోగింది.
"సిరిమానైతే అమ్మోరు కల్లోకొచ్చి
ఏ సెట్టో తనే సెప్తాది.
రాడ్డుకి ఎవులూ సెప్పరు.
నువ్వే ఇనాల."

మళ్ళీ రాజాం వెళ్ళాం.
ఈసారి ఒకటి కాదు, ఆ చచ్చిన ఇంజను జట్టంతా కావాలని.
ఒకటీ మూడూ ఇటు ఒరుగుతాయి,
రెండూ నాలుగూ అటు.
ఒక ఇంజనులో అరిగినవి ఒకదాన్నొకటి ఎరుగుతాయి.
రెండు తుప్పు కుప్పలో దొరికాయి.
మూడోది కొట్టువాడి గేదెల పాక దగ్గర,
గొలుసు చుట్టూ టోపీ బిగించుకుని,
గేటుకి గడియగా ఉంది.
దానికి బదులు తాళంకప్ప కొనిచ్చాం.

వీరాచారి ఈసారి ఏమీ అడగలేదు.
నాలుగూ మూడు గ్రాముల లోపే.
తన చిట్టాలో, ఎవరిదో పట్టీల లెక్క కింద,
గుండ్రంగా రాసుకున్నాడు: రాడ్లు, కూలి లేదు.

బోల్టులు మాత్రం కొత్తవి.
ఆ ఒక్కచోట మావ
పాతదాన్ని నమ్మలేదు.

కారు ఎవరికో అమ్మేశారని విన్నాను.
మావ లేడు.
షెడ్డు నాది.
రెండో నంబరు, పక్కన ఒక మంచి రాడ్డు,
దూలానికి తాళ్ళతో వేలాడుతున్నాయి.
కొత్త కుర్రాడు ఎవడొచ్చినా
స్పానరు చేతికివ్వను ముందు.
రెండిటినీ తట్టి, వాడి మొహం చూస్తాను.
కొందరు వెంటనే తల ఊపేస్తారు.

ఇంకోసారి తట్టమని అడిగినవాణ్ణి
ఉంచుకుంటాను.